పెట్టెలు కొనే ముందు ఒక్క వారం కొలవండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లోని వాణిజ్య భవనాల యజమానుల సంఘాలకు, నిర్వహణ కమిటీలకు, ఫెసిలిటీ మేనేజర్లకు

నమస్కారం.

ఎండలు ముదరకముందే మీ కమిటీల ముందుకు ఏటా ఒక ఫైలు వస్తుంది. పై కాగితంలో అద్దెదారుల ఫిర్యాదులు ఉంటాయి: లైట్లు మిణుకుతున్నాయి, లిఫ్టు మధ్యలో ఆగుతోంది, ఏసీ బోర్డులు కాలిపోతున్నాయి, బ్రేకర్ ఊరికే పడిపోతోంది. కింద కొటేషన్లు: ఒక సర్వో స్టెబిలైజర్, ఇంకొంచెం పెద్ద యూపీఎస్, నాలుగు కెపాసిటర్ స్టెప్పులు, రెండు కెమికల్ ఎర్త్ పిట్లు (ఎర్తింగ్ గుంతలు). ఫిర్యాదుకీ కొటేషన్‌కీ మధ్య ఉండాల్సిన కాగితం మాత్రం ఉండదు. ఏ ఫేజులో (కరెంటు తెచ్చే మూడు తీగల్లో దేనిలో), ఏ రోజు, ఏ గంటకు, ఎంత వోల్టేజ్ ఉంది, న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే తీగలో) ఎంత కరెంటు పారింది అని కొలిచి రాసిన కాగితం అది. ఆ కాగితం లేకుండా ఈ ఏడాది ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టవద్దని అడగడానికే ఈ లేఖ.

నేను భవనాల్లో కరెంటు నాణ్యత పరీక్షించే ఎలక్ట్రికల్ ఇంజనీరుని. పరికరాలు అమ్మను. నేను చూసిన భవనాల్లో మొదటి నింద కరెంటాఫీసు మీదే పడుతుంది. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు జబ్బు ట్రాన్స్‌ఫార్మర్‌కీ గోడ సాకెట్‌కీ మధ్యలో దొరుకుతుంది. ఆ మధ్య భాగమంతా మీ ఆస్తి. దాన్ని బాగుచేసే హక్కు, బాధ్యత రెండూ మీవే.

అన్నిటికన్నా ముందు న్యూట్రల్ గురించి చెప్పాలి, ఎందుకంటే మన భవనాల్లో ప్రాణాల మీదికి తెచ్చేది అదే.

మూడు ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు దాదాపు సున్నా అని మనమందరం చదువుకున్నాం. బల్బులు, ఫ్యాన్లు, మోటార్లు మాత్రమే ఉన్న రోజుల్లో ఆ మాట నిజం. ఆ నమ్మకం మీదే మన దేశంలో మూడున్నర కోర్ కేబుల్ వాడుకలోకి వచ్చింది. ఫేజు తీగ 240 చదరపు మిల్లీమీటర్లయితే న్యూట్రల్ 120, ఫేజు 185 అయితే న్యూట్రల్ 95. అల్యూమినియం ఆదా అయింది, ఎవరికీ నష్టం లేదు.

ఇప్పుడు మీ అంతస్తుల్లో ఉన్న లోడు వేరు. కంప్యూటర్లు, ఎల్ఈడీ లైట్లు, చిన్న యూపీఎస్‌లు, టీవీ తెరలు, ఇన్వర్టర్ ఏసీలు. వీటిలో చాలావరకు వోల్టేజ్ తరంగం పొడవునా కరెంటు తీసుకోవు. శిఖరం దగ్గర మాత్రమే ఒక్క గుటకలో లాగేస్తాయి. అలా లాగినప్పుడు 50 హెర్ట్జ్ కరెంటుతో పాటు 150, 250, 350 హెర్ట్జ్ కరెంట్లు కూడా పుడతాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. మూడు ఫేజుల 50 హెర్ట్జ్ కరెంట్లు న్యూట్రల్‌లో కలిసినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 150 హెర్ట్జ్ కరెంట్లు అలా చేయవు. మూడూ ఒకే అడుగు వేసుకుంటూ వస్తాయి కాబట్టి కూడుకుంటాయి. ఒక్కో ఫేజులో 100 ఆంపియర్ల మూల కరెంటు, దానికి తోడు 40 ఆంపియర్ల మూడో హార్మోనిక్ ఉందనుకోండి. లోడు ఎంత చక్కగా సమానంగా పంచినా న్యూట్రల్‌లో 120 ఆంపియర్లు పారతాయి. ఫేజు కన్నా ఎక్కువ కరెంటు, సగం మందం ఉన్న తీగలో. లెక్క ప్రకారం ఇది ఫేజు కరెంటుకి 1.73 రెట్ల దాకా వెళ్లగలదు.

దీన్ని కనిపెట్టి ఆపేవాడు ప్యానెల్‌లో ఎవడూ లేడు. మామూలు మూడు పోల్ ఎంసీసీబీ (మూడు ఫేజులని మాత్రమే కాపాడే పెద్ద బ్రేకర్) న్యూట్రల్‌ని చూడదు. తీగ వేడెక్కుతుంది, రాత్రికి చల్లారుతుంది, మర్నాడు మళ్లీ వేడెక్కుతుంది. ఆ వ్యాకోచ సంకోచాల్లో లగ్గు (తీగ కొసన బోల్టుతో బిగించే లోహపు ముక్క) వదులవుతుంది. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం లగ్గుని రాగి బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) మీద నేరుగా బిగించి ఉంటే ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. ఒక రోజు న్యూట్రల్ తెగుతుంది. తెగిన క్షణం నుంచి ఒక్కో ఫేజుకి 230 వోల్టులు అనే హామీ పోతుంది. రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టులు ఆ రెండింటి లోడుల మధ్య పంచుకోబడతాయి. తక్కువ లోడున్న అంతస్తుకి 300 వోల్టులు దాటి వెళ్లవచ్చు, ఎక్కువ లోడున్న అంతస్తుకి 100 చిల్లర మిగలవచ్చు. ఒక చోట లైట్లు జిగేల్మని పగులుతాయి, ఇంకో చోట మసకబారతాయి. మర్నాడు అందరూ అనే మాట ఒకటే: పైనుంచి హై వోల్టేజ్ వచ్చింది.

వచ్చింది పైనుంచి కాదు, మీ ప్యానెల్ రూములో వదులైన ఒక్క బోల్టు నుంచి.

కాబట్టి మీ ఎలక్ట్రీషియన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: మధ్యాహ్నం పూర్తి లోడు మీద న్యూట్రల్ కరెంటు ఎంత? దాన్ని కొలవడానికి ట్రూ ఆర్ఎంఎస్ (వంకర తరంగాన్నీ సరిగ్గా కొలిచే పద్ధతి) అని రాసి ఉన్న క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) కావాలి. చవక టాంగ్ టెస్టర్లు తరంగం నున్నగా ఉందనుకుని లెక్కేస్తాయి. ఇలాంటి కరెంటు మీద అవి అసలు విలువ కన్నా 40 శాతం దాకా తక్కువ చూపగలవు. 120 ఆంపియర్లు పారుతున్న తీగని చూసి 75 అని రాసుకుని వెళ్లిపోతే ఆ కొలత లేకపోయినా ఒకటే. రెండో పని, పూర్తి లోడు మీద ప్యానెళ్లని థర్మల్ కెమెరాతో చూడటం. ఆదివారం ఖాళీ భవనంలో తీసిన థర్మల్ ఫొటోలు రిపోర్టు నిండా నీలంగా, అందంగా ఉంటాయి. పనికిరావు.

మందు కూడా వరస ప్రకారమే వేయాలి. ముందు లగ్గులు: రాగి, అల్యూమినియం కలిసే చోట బైమెటాలిక్ (రెండు లోహాల) లగ్గులు, టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన బిగువు. తర్వాత ఫేజుల మధ్య లోడు సర్దుబాటు. అప్పటికీ న్యూట్రల్ కరెంటు ఫేజుతో సమానంగా ఉంటే ఆ అంతస్తుకి పూర్తి మందం న్యూట్రల్ ఉన్న కేబుల్, న్యూట్రల్‌ని కూడా కాపాడే నాలుగు పోల్ బ్రేకర్. మూడో హార్మోనిక్ వాటా 33 శాతం దాటితే కేబుల్ మందాన్ని న్యూట్రల్ కరెంటుని బట్టే ఎంచాలని అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం ఐఈసీ 60364 చెబుతోంది. కొత్త భవనం కడుతున్నవారు ఈ ఒక్క వాక్యం కన్సల్టెంట్ చేత డ్రాయింగ్ మీద రాయించుకుంటే చాలు: ఆఫీసు అంతస్తులకి మూడున్నర కోర్ వద్దు, నాలుగు కోర్ వేయండి. తర్వాత మార్చే ఖర్చుతో పోలిస్తే ఇప్పుడు వేసే ఖర్చు ఏమంత కాదు.

ఇక వోల్టేజ్. అర్ధరాత్రి వోల్టేజ్ పెరిగి ఎల్ఈడీ డ్రైవర్లు, ఏసీ బోర్డులు పోతున్నాయని స్టెబిలైజర్ కొంటున్న హెచ్‌టీ వినియోగదారులకి (11 కేవీ, అంటే 11,000 వోల్టుల సరఫరా తీసుకునేవారికి) ఒక లెక్క చెబుతాను. మన దగ్గర 11 కేవీ సరఫరాకి చాలాకాలంగా ఉన్న హద్దు పైకి 6 శాతం, కిందికి 9 శాతం. అంటే 11.6 కేవీ వస్తే కరెంటాఫీసు తప్పేమీ లేదు, అది హద్దులోనే ఉంది. మీ ట్రాన్స్‌ఫార్మర్ 11,000/433 వోల్టులది. ట్యాప్ (రెండో వైపు వోల్టేజ్‌ని పెంచి తగ్గించే స్విచ్) మామూలు స్థానంలో ఉంటే 11.6 కేవీకి లోడు లేనప్పుడు రెండో వైపు 456 వోల్టులు వస్తాయి. ఫేజుకి 263. ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజ్ సరఫరా హద్దు 230కి 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244. సరఫరాలో తప్పు లేకుండానే మీ కింది అంతస్తు దుకాణం 263 వోల్టులు తింటోంది. దీనికి లక్షల స్టెబిలైజర్ అవసరం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద సాధారణంగా 2.5 శాతం మెట్లతో ట్యాప్ స్విచ్ ఉంటుంది. రెండు మెట్లు మారిస్తే అదే 11.6 కేవీకి ఫేజు వోల్టేజ్ 251 దగ్గరికి దిగుతుంది, లోడు పడ్డాక ఇంకొంచెం తగ్గుతుంది. అయితే వేసవి సాయంత్రాల్లో 11 కేవీ ఎంత కిందికి పోతోందో కూడా తెలిస్తేనే ట్యాప్ ఎక్కడ పెట్టాలో తేలుతుంది. వారం రోజుల రికార్డు కావాలని అంటున్నది అందుకే. ట్యాప్ మార్చేది సరఫరా పూర్తిగా ఆపి, లైసెన్స్ ఉన్నవారి చేత మాత్రమే. చాలా భవనాల్లో ఆ స్విచ్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన రోజు నుంచి కదల్లేదు.

కెపాసిటర్ల కథ ఇంకా ఖరీదైనది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ లెక్కన (పని చేయని రియాక్టివ్ కరెంటుని కూడా కలిపి) వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (మొత్తంలో పని చేసే వాటా) పడిపోతే నేరుగా మీ జేబు మీద పడుతుంది. అందుకని ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (కెపాసిటర్లని తానే కలిపి, తీసి పవర్ ఫ్యాక్టర్‌ని సరిదిద్దేది) పెట్టారు, మంచిదే. కానీ ఏడాది తిరక్కుండా కెపాసిటర్లు ఉబ్బిపోతున్నాయి, ఫ్యూజులు పేలుతున్నాయి, మళ్లీ అవే కొని బిగిస్తున్నారు. ఎందుకు పోతున్నాయని అడిగితే సరుకు నాసిరకం అంటారు. ఒక్కసారి ఈ లెక్క వేసి చూడండి. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 5 శాతం ఇంపిడెన్స్ (లోపలి అడ్డంకి). దాని షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 20,000 కేవీఏ. కెపాసిటర్లు 400 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత). 20,000ని 400తో భాగిస్తే 50, దాని వర్గమూలం 7 పైచిలుకు. అంటే మీ ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి ఏడో హార్మోనిక్ దగ్గర, 350 హెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్‌లో (ఆ ఫ్రీక్వెన్సీ కరెంటు ఊగి పెరిగే స్థితిలో) పడతాయి. సరిగ్గా ఐదో, ఏడో హార్మోనిక్స్‌నే మీ చిల్లర్, పంపులు, ఏహెచ్‌యూల (ఏసీ గాలి పంపే యంత్రాల) మీదున్న వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు) పుట్టిస్తున్నాయి. కొద్దిపాటి హార్మోనిక్ కరెంటు అక్కడ అనేక రెట్లై కెపాసిటర్ల గుండా తిరుగుతుంది. ఏపీఎఫ్‌సీ స్టెప్పులు పడుతూ లేస్తూ ఉన్నకొద్దీ ఈ బిందువు కూడా జరుగుతుంటుంది. అందుకే పదకొండింటికి ఏమీ ఉండదు, నాలుగింటికి ఫ్యూజు పోతుంది, టెక్నీషియన్ వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది.

వీఎఫ్‌డీలు, యూపీఎస్‌లు ఎక్కువగా ఉన్న భవనంలో కెపాసిటర్‌కి ముందు డీట్యూన్డ్ రియాక్టర్ (రెజొనెన్స్‌ని తప్పించే తీగచుట్ట) ఉండాలి. 7 శాతం రియాక్టర్ పెడితే ఆ జత 189 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంది, ఐదో హార్మోనిక్ 250కి కింద, దాని జోలికి పోకుండా. మూడో హార్మోనిక్ బలంగా ఉంటే 14 శాతం, 134 హెర్ట్జ్. 7 శాతం రియాక్టర్ పెట్టాక కెపాసిటర్ మీద వోల్టేజ్ దాదాపు ఏడున్నర శాతం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. 415 కాస్తా 446 అవుతుంది. కాబట్టి పాత 440 వోల్టుల కెపాసిటర్లకే రియాక్టర్ తగిలిస్తే అవి మళ్లీ పోతాయి. 480 లేదా 525 వోల్టులవి కావాలి. సగం స్టెప్పులకి రియాక్టర్ పెట్టి సగం మామూలుగా ఉంచడం కూడా పొరపాటే, ఆ మామూలువే రెజొనెన్స్‌ని తిరిగి తెస్తాయి.

కప్పు మీద సోలార్ పెట్టిన భవనాల్లో ఈ మధ్య ఇంకో వింత చూస్తున్నాను. భవనం లోడు 300 కిలోవాట్లు, 150 కేవీఏఆర్. పవర్ ఫ్యాక్టర్ సుమారు 0.89. మధ్యాహ్నం సోలార్ 200 కిలోవాట్లు ఇస్తోంది. గ్రిడ్ నుంచి తీసుకునేది 100 కిలోవాట్లే, కానీ ఆ 150 కేవీఏఆర్ మొత్తం గ్రిడ్ నుంచే వస్తోంది. మీటరుకి కనిపించేది 180 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.55. సోలార్ పెట్టినా బిల్లు అనుకున్నంత తగ్గలేదేమని యజమాని బాధపడుతుంటాడు. ఇక్కడ కూడా కొత్త కెపాసిటర్లకి పరిగెత్తాల్సిన పని లేకపోవచ్చు. ఏపీఎఫ్‌సీ రిలేకి వెళ్లే సీటీ (కరెంటుని కొలిచే చుట్ట) ఎక్కడుందో చూడండి. సోలార్ కలిసే చోటు కన్నా లోపలి వైపు ఉంటే గ్రిడ్ దగ్గర ఏం జరుగుతోందో ఆ రిలేకి తెలియదు. ఇప్పటి సోలార్ ఇన్వర్టర్లలో చాలావాటికి రియాక్టివ్ పవర్ కూడా ఇచ్చే సెట్టింగు ఉంటుంది. అది ఎవరూ తెరిచి చూడని మెనూలో ఉంటుంది.

లిఫ్టులు ఆగడం, చిల్లర్ ట్రిప్ అవడం వంటి ఫిర్యాదులు వేరే జాతివి. 11 కేవీ లైను మీద చెట్టుకొమ్మ పడినా, వేరే వినియోగదారు కేబుల్ పేలినా, సబ్‌స్టేషన్ బ్రేకర్ తెరుచుకునేలోగా సెకనులో కొంత భాగంపాటు చుట్టుపక్కల అందరికీ వోల్టేజ్ కుంగుతుంది. సర్వో స్టెబిలైజర్‌లో మోటారు తిరిగి బ్రష్ జరగాలి. ఆ జరిగే లోపల ఈ కుంగుబాటు వచ్చి పోయి ఉంటుంది. దీనికి స్టెబిలైజర్ కొనడం డబ్బు పారేసుకోవడమే. కంప్యూటర్ పరిశ్రమ వాడే ఐటీఐసీ వక్రరేఖ ప్రకారం ఐటీ పరికరాలు 70 శాతం వోల్టేజ్‌ని అర సెకను దాకా తట్టుకోవాలి. అందుకే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, పంపు ఆగిపోతుంది. ఆగింది పంపు మోటారు వల్ల కాదు. దాన్ని పట్టి ఉంచే కాంటాక్టర్ (మోటారు కరెంటుని కలిపి తెంచే స్విచ్) కాయిల్ వోల్టేజ్ సగానికి దగ్గరపడగానే వదిలేసింది. లేదా అండర్ వోల్టేజ్ రిలేని (వోల్టేజ్ తగ్గితే యంత్రాన్ని ఆపేదాన్ని) ఎవరో సున్నా ఆలస్యంతో సెట్ చేశారు. కాయిల్‌ని కాసేపు పట్టి ఉంచే చిన్న పరికరం, కంట్రోల్ సర్క్యూట్‌కి మాత్రమే ఒక చిన్న యూపీఎస్, రిలేలో తగిన ఆలస్యం, డ్రైవ్‌లో మళ్లీ మొదలయ్యే సెట్టింగు: ఇవి చాలు. తనంతట తాను మళ్లీ తిరగడం ప్రమాదమైన యంత్రాలకి ఆ చివరిది మాత్రం పెట్టవద్దు.

జనరేటర్ మీదికి మారగానే యూపీఎస్ ఆ కరెంటుని ఒప్పుకోక బ్యాటరీ మీదే ఉండిపోతోందని కొందరంటారు. జనరేటర్ లోపలి ఇంపిడెన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కన్నా చాలా ఎక్కువ కాబట్టి అదే హార్మోనిక్ కరెంటు అక్కడ వోల్టేజ్‌ని ఎక్కువగా చెడగొడుతుంది. దానికి తోడు ఏపీఎఫ్‌సీ ప్యానెల్ జనరేటర్ మీద కూడా పడుతుంటే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్ (కెపాసిటర్ల వైపు మొగ్గు) అయి ఆల్టర్నేటర్ అదుపు తప్పుతుంది. డీజీ (డీజిల్ జనరేటర్) మీద ఉన్నప్పుడు కెపాసిటర్లు పక్కకి తప్పించే ఇంటర్‌లాక్ ఉందో లేదో ఈ రోజే అడగండి.

ఎర్త్ పిట్ల గురించి మాట్లాడకుండా ఉండలేను. మన ఊళ్లలో ప్రతి కరెంటు జబ్బుకీ ఎర్తింగ్ గుంత తవ్వడం ఆనవాయితీ అయిపోయింది. సర్వర్ రూముకి వేరే ఎర్తింగ్, భవనం ఎర్తింగ్‌తో కలపకూడదు అని సరఫరాదారు షరతు పెడతాడు, కమిటీ ఒప్పుకుంటుంది. ఇది ప్రమాదం. ఒకే గదిలో మనిషి చేయి తగిలే రెండు లోహపు వస్తువులు కలవని రెండు ఎర్తింగ్‌ల మీద ఉంటే, ఫాల్ట్ వచ్చినప్పుడో పిడుగు పడ్డప్పుడో ఆ రెండింటి మధ్య వోల్టేజ్ మనిషి గుండా పోతుంది. భవనంలోని ఎర్తింగ్‌లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ ఎక్కువగా ఉందన్నది ఆ సరఫరాదారు ఫిర్యాదైతే, దాని మూలం సాధారణంగా భూమిలో ఉండదు. న్యూట్రల్‌లో ఎక్కువ కరెంటు పారడం వల్లనో, అంతస్తు డీబీలో (కరెంటు పంచే పెట్టెలో) ఎవరో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేయడం వల్లనో వస్తుంది. ఆ రెండూ కలవాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ లేదా జనరేటర్ దగ్గర ఒక్క చోటే. కింద కలిపితే న్యూట్రల్ కరెంటు ఎర్త్ తీగలోకి, కేబుల్ ట్రేలోకి, పైపుల్లోకి పారుతుంది. ఎర్త్ తీగ చుట్టూ క్లాంప్ పెట్టండి. లోడు మీద అందులో ఆంపియర్లలో కరెంటు కనిపిస్తే కొత్త గుంత మాని, ఆ తప్పుడు జోడింపుని వెతకండి.

ఇప్పుడు ఆ వారం కొలత ఎలా ఉండాలో చెబుతాను.

ఐఈసీ 61000-4-30 ప్రమాణంలో క్లాస్ ఏ తరగతికి చెందిన పవర్ క్వాలిటీ అనలైజర్ అద్దెకి తెప్పించండి. మెయిన్ ఎల్‌టీ ప్యానెల్ ఇన్‌కమర్ (కరెంటు లోపలికి వచ్చే చోటు) దగ్గర ఏడు రోజులు, శని ఆదివారాలు కూడా కలిసేలా. వీలైతే అదే సమయంలో రెండో మీటరు ఫిర్యాదున్న అంతస్తు ఫీడర్ (ఆ అంతస్తుకి కరెంటు తీసుకెళ్లే లైను) మీద. మూడు ఫేజులకి మూడు క్లాంపులు పెట్టి నాలుగోది వదిలేసే అలవాటు ఉంది, అది ఒప్పుకోకండి. న్యూట్రల్ క్లాంపు, న్యూట్రల్-ఎర్త్ వోల్టేజ్ రికార్డు లేని రిపోర్టు తిప్పి పంపండి. మీటరు గడియారం సరిగ్గా సెట్ చేయించండి. సెక్యూరిటీ దగ్గర ఒక పుస్తకం పెట్టి లిఫ్టు ఆగినా, లైటు మిణికినా తేదీ, గంట, నిమిషం రాయించండి. ఆ పుస్తకంలో నిమిషాన్ని మీటరు రికార్డుతో పక్కపక్కన పెట్టినప్పుడే జబ్బు బయటపడుతుంది. యాభై పేజీల గ్రాఫుల్లో ఈ పని చేయని రిపోర్టులు చాలా చూశాను.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఆ రికార్డులోనే దారి ఉంది. వోల్టేజ్ కుంగిన క్షణంలో మీ ఇన్‌కమర్ కరెంటు ఎగబాకిందంటే స్థూలంగా కారణం మీ లోపలే: చిల్లర్ మొదలైంది, లేదా ఎక్కడో షార్ట్ అయింది. వోల్టేజ్ కుంగి, కరెంటు పెరగకుండా తనూ తగ్గిందంటే కారణం బయట. ఒక ఫీడర్‌లో వోల్టేజ్ కుంగి మెయిన్ ప్యానెల్‌లో కుంగకపోతే ఆ రెండింటి మధ్య కేబుల్‌నో కీలునో అనుమానించాలి. మూడు ఫేజుల వోల్టేజ్ 400, 410, 390గా ఉంటే సగటు 400, ఎక్కువ తేడా 10, అసమతుల్యత రెండున్నర శాతం. చూడటానికి చిన్నదే కానీ ఒక శాతం వోల్టేజ్ అసమతుల్యత మోటారు కరెంట్లలో ఆరు నుంచి పది రెట్ల అసమతుల్యత తెస్తుంది. పంపు మోటార్లు తరచూ కాలడానికి కారణం రీవైండింగ్ చేసినవాడే అనుకునే ముందు ఈ అంకె చూడండి.

ఈ రిపోర్టు చేతికి రాగానే దాన్ని చూపించి మీకు హార్మోనిక్ ఫిల్టర్ అమ్మడానికి వచ్చేవారు ఉంటారు. అర్ధరాత్రి పేజీ తెరిచి, చూడండి సార్, కరెంటు టీహెచ్‌డీ (మొత్తం హార్మోనిక్ వికృతి) 40 శాతం అంటారు. ఆ సమయంలో మొత్తం లోడు 20 ఆంపియర్లు, అందులో 40 శాతం అంటే 8 ఆంపియర్లు. మీ గరిష్ఠ డిమాండు 800 ఆంపియర్లయితే అది ఒక్క శాతం. ఐఈఈఈ 519 ప్రమాణం కరెంటు హద్దులు పెట్టేది గరిష్ఠ డిమాండు కరెంటుతో పోల్చి, అదీ మీరు గ్రిడ్‌తో కలిసే చోట. వోల్టేజ్ వికృతికి ఆ ప్రమాణంలో హద్దు ఒక కేవీ లోపు 8 శాతం, 11 కేవీ దగ్గర 5 శాతం. యాక్టివ్ ఫిల్టర్ నిజంగా కావాల్సిన భవనాలు ఉన్నాయి. పెద్ద వీఎఫ్‌డీలు, ఆస్పత్రి పరికరాలు, డేటా సెంటర్లు ఉన్నచోట అది డబ్బుకి తగిన పని చేస్తుంది. కానీ వీఎఫ్‌డీ ముందు ఒక 3 నుంచి 5 శాతం లైన్ రియాక్టర్ పెడితేనే ఆ డ్రైవ్ కరెంటు వికృతి సగానికి పడిపోయే సందర్భాలు ఎక్కువ. చిన్న ఖర్చు ముందు చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు పెద్ద ఖర్చు గురించి ఆలోచించండి.

కారణం బయట ఉందని రికార్డు చెబితే చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కరెంటాఫీసు ఫిర్యాదుల లైను 1912కి చేసే ఫోను ఒక ఫిర్యాదు నంబరు ఇస్తుంది, అంతే. మీ ఏడీఈ (కరెంటాఫీసు స్థానిక ఇంజనీరు) దగ్గరికి తేదీలు, నిమిషాలు, వోల్టేజ్ గ్రాఫులతో వెళ్లండి. మీ హెచ్‌టీ మీటరులో నమోదైన లోడ్ సర్వే, వోల్టేజ్ ఘటనల డేటా ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. సరఫరా వోల్టేజ్ నాణ్యత మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారి ఐఎస్ 17036 అనే ప్రమాణం 2018 నుంచి ఉంది, దాన్ని ప్రస్తావించండి. అప్పటికీ కదలకపోతే విద్యుత్ చట్టం 2003లోని 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని మీద అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒంటరిగా ఒక భవనం వెళ్తే ఒక ఫిర్యాదు. ఒకే ఫీడర్ మీదున్న ఐదు భవనాలు ఒకే నిమిషంలో నమోదైన ఐదు రికార్డులతో వెళ్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం. సంఘాలు ఉన్నది ఇందుకే అని నా ఉద్దేశం.

ఇంకో మాట. ప్యానెల్ రూములో టెస్టర్ పట్టుకుని నిలబడే కుర్రాడికి మీరు ఏం ఇచ్చారో ఒకసారి వెళ్లి చూడండి. రబ్బరు మ్యాట్ ఉందా, చేతి తొడుగులు, ముఖానికి షీల్డు ఉన్నాయా, తలుపు లోపలి నుంచి సులువుగా తెరుచుకుంటుందా? మీటరు క్లాంపులు తగిలించడానికి అరగంట షట్‌డౌన్ అడిగితే అద్దెదారులు ఒప్పుకోరని, నడుస్తున్న బస్‌బార్ల మధ్య చేతులు పెట్టిస్తున్నారు. ఆ బస్‌బార్ల దగ్గర షార్ట్ అయితే వచ్చే మంట రెప్పపాటులో మనిషిని కాల్చేస్తుంది. వారం రోజుల కొలత ఎంత అవసరమో, ఆ అరగంట షట్‌డౌన్ కూడా అంతే అవసరం. అద్దెదారులకి ముందే నోటీసు ఇచ్చి ఆదివారం ఉదయం పెట్టుకోండి.

మీ సంఘాల నుంచి నేను కోరుతున్నవి ఇవి. వచ్చే వార్షిక నిర్వహణ ఒప్పందంలో న్యూట్రల్ కరెంటు, న్యూట్రల్-ఎర్త్ వోల్టేజ్ నెలకోసారి పూర్తి లోడు మీద నమోదు చేయాలన్న షరతు, ఏడాదికోసారి పూర్తి లోడు మీద థర్మల్ పరీక్ష, టార్క్ రెంచి బిగింపు షరతు చేర్చండి. లక్ష రూపాయలు దాటే ఏ కరెంటు పరికరం కొనుగోలుకైనా ముందు వారం రోజుల రికార్డు, తర్వాత పనితీరు తేల్చే మరో వారం రోజుల రికార్డు జతచేయాలని తీర్మానం చేయండి. ఆ రెండో రికార్డు వచ్చాకే అమ్మినవారికి చివరి చెల్లింపు. ఒకే ప్రాంతంలో పది భవనాలు కలిస్తే ఒక అనలైజర్‌ని ఉమ్మడిగా కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. మీ ఎలక్ట్రీషియన్లకి దాన్ని చదవడం నేర్పడానికి నాలాంటి ఇంజనీర్లు ముందుకొస్తారు. నేను వస్తాను. ఏప్రిల్ వచ్చేలోపు ఈ తీర్మానాన్ని మీ సమావేశం ఎజెండాలో పెట్టండి.

ఇట్లు,
కరెంటు నాణ్యత పరీక్షలు చేసే ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు
హైదరాబాద్